జరిగిన సంగతి ఇంగ్లీషులో చెప్పేటప్పుడు వాక్యాలు కలపడం ఎలా: సమగ్ర మార్గదర్శి

"నిద్రలేచి, ముఖం కడుక్కుని, తలుపు తాళం వేసి, బస్సెక్కి ఆఫీసుకి వెళ్ళాను." ఈ వాక్యంలో పనులు ఐదు. సమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించే క్రియ, మాత్రం ఒక్కటే, చివర ఉన్న "వెళ్ళాను". మిగతా నాలుగూ క్త్వార్థకాలు, అంటే "చేసి" లాంటి రూపాలు. ఆ పనులు ఎప్పుడు జరిగాయో, ఎవరు చేశారో చివరి క్రియ దాకా వస్తే తప్ప తెలియదు. తెలుగులో ఇది ఎంత సహజమంటే, ఒక వాక్యంలో రెండు సమాపక క్రియలు పక్కపక్కన వస్తే మన చెవికి వెలితిగా ఉంటుంది.

ఇంగ్లీషు నడక వేరు. తెలుగులో వాక్యాలను కలిపే పని క్రియకు చివర చేరే ప్రత్యయం చూసుకుంటుంది: చేసి, చేస్తూ, చేస్తే, చేసినా, చేయగానే, చేసేసరికి. ఇంగ్లీషులో ఆ పనికి విడిగా ఒక మాట ఉంది: అండ్, బట్, సో, బికాజ్, వెన్, వైల్, ఆల్దో. వీటినే కంజంక్షన్లు అంటాం. కలిపే బాధ్యత ఆ మాట తీసుకుంది కాబట్టి, కాలం చెప్పే బాధ్యత ప్రతి క్రియ మీదా విడిగా ఉండిపోతుంది. ఐదు పనులు జరిగితే ఐదు క్రియలూ భూతకాలంలోనే ఉండాలి. నేను చేసిన పని గురించి ఇంగ్లీషులో చెప్పేటప్పుడు దొర్లే తప్పుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది.

మొదటి మెట్టు: ముందు ముక్కలుగా రాసుకోవడం

కలపడానికి ముందు ఒక్కో పనికి ఒక్కో పొట్టి వాక్యం రాయండి. ప్రతి వాక్యంలో రెండు విషయాలు సరిచూసుకోండి: "ఐ" ఉందా, క్రియ భూతకాలంలో ఉందా.

"ఐ" ఎందుకు తప్పనిసరంటే, తెలుగులో "వెళ్ళాను" అన్నప్పుడు చివరి "ను"లోనే నేను ఉన్నాను. ఇంగ్లీషు భూతకాల క్రియలో ఆ గుర్తు లేదు. ఐ వెంట్, యూ వెంట్, షి వెంట్, దే వెంట్, అందరికీ ఒకటే రూపం. ఒక్క "బి" క్రియకే వాజ్, వర్ అని రెండు రూపాలున్నాయి. కర్తను వదిలేస్తే ఎవరు వెళ్ళారో చెప్పే ఆధారమేదీ క్రియలో మిగలదు.

ఇక భూతకాల రూపం. రోజువారీ కబుర్లలో పదే పదే వచ్చేవి ఎక్కువగా క్రమం తప్పిన క్రియలే: వెంట్, కేమ్, సా, సెడ్, టుక్, గాట్, మేడ్, గేవ్, టోల్డ్, థాట్, ఫౌండ్, లెఫ్ట్, న్యూ. ఈ 13 తడుముకోకుండా వస్తే సగం పని అయిపోయినట్టే. కట్, పుట్, షట్, హిట్, లెట్ మారవు. "రీడ్"కి భూతకాలంలో రాత మారదు, పలకడం "రెడ్" అవుతుంది.

లేదు, కాదు అనాల్సి వస్తే "డిడ్ నాట్" పక్కన మూలరూపమే వస్తుంది: ఐ డిడ్ నాట్ గో. కాలాన్ని "డిడ్" మోస్తున్నప్పుడు "వెంట్" అక్కర్లేదు.

రెండో మెట్టు: అండ్

పైన రాసిన తెలుగు వాక్యం ఇంగ్లీషులో ఇలా అవుతుంది:

"ఐ గాట్ అప్, వాష్డ్ మై ఫేస్, లాక్డ్ ద డోర్ అండ్ టుక్ ద బస్ టు వర్క్."

"ఐ" ఒక్కసారే వచ్చింది. నాలుగు క్రియలూ భూతకాలంలో ఉన్నాయి. బస్సెక్కడం, వెళ్ళడం రెండూ "టుక్ ద బస్ టు వర్క్"లో ఇమిడిపోయాయి. క్త్వార్థక వాక్యంలో సాధారణంగా కర్త ఒకరే ఉంటారని బళ్ళో చదువుకున్నాం కదా, అండ్ విషయంలోనూ అదే కొలత పనికొస్తుంది. చేసినవాళ్ళు ఒకరే అయితే రెండో "ఐ" వదిలేయవచ్చు. చేసినవాళ్ళు మారితే కొత్త కర్తను చెప్పి తీరాలి, అండ్ ముందు కామా పెట్టాలి: "ఐ ర్యాంగ్ ద బెల్, అండ్ హిజ్ సిస్టర్ ఓపెన్డ్ ద డోర్."

తరచుగా వినబడే తప్పు: "ఐ వెంట్ దేర్ అండ్ సీ హిమ్." మొదటి క్రియలో కాలం చెప్పేశాం కాబట్టి ఇక చాలని నాలుక అనుకుంటుంది, ఎందుకంటే తెలుగులో ఒక్కసారి చెబితే సరిపోతుంది. సరైనది "ఐ వెంట్ దేర్ అండ్ సా హిమ్." ఇంకో తప్పు "ఐ వాజ్ గోయింగ్ దేర్ అండ్ ఆస్క్డ్ హిమ్". వెళ్ళి అడిగాను అని చెప్పడమే ఉద్దేశమైతే "వాజ్ గోయింగ్" వద్దు. అలా అంటే దారిలో ఉండగానే అడిగారన్న అర్థం వస్తుంది.

రెండో క్రియ మూలరూపంలో ఉండాల్సిన చోట్లు కూడా ఉన్నాయి, అవి వేరుగా గుర్తుపెట్టుకోవాలి. "ఐ వాంటెడ్ టు సిట్ డౌన్ అండ్ రెస్ట్" అన్నప్పుడు "టు" రెండు క్రియలకూ చెందుతుంది: కూర్చుని విశ్రాంతి తీసుకుందామనుకున్నాను, తీసుకున్నానో లేదో చెప్పలేదు. ఇక్కడ "రెస్టెడ్" అంటే నిజంగానే తీసుకున్నానని అర్థం మారిపోతుంది. "ఐ డిడ్ నాట్ స్టాప్ అండ్ ఆస్క్" అన్నా అంతే, "డిడ్ నాట్" రెండింటినీ కప్పుతుంది: ఆగి అడగలేదు. మొదటిది చేయలేదు, రెండోది చేశాను అని చెప్పాలంటే ఇలా కుదించకండి. "ఐ డిడ్ నాట్ స్టాప్. ఐ వెంట్ స్ట్రెయిట్ హోమ్." అని విడదీయడమే శుభ్రంగా ఉంటుంది.

రెండు పనులూ చేయకపోతే అండ్ బదులు ఆర్ వస్తుంది: "ఐ డిడ్ నాట్ ఈట్ ఆర్ స్లీప్." కొంచెం గట్టిగా చెప్పాలంటే "ఐ నైదర్ కాల్డ్ నార్ రోట్." ఇందులో కాదు అనే అర్థం నైదర్, నార్‌లలోనే ఉంది కాబట్టి డిడ్ నాట్ రాదు, క్రియలు మళ్ళీ భూతకాలంలోకి వస్తాయి. "తినకుండా వెళ్ళాను" లాంటి వాక్యానికైతే కంజంక్షన్ జోలికే పోకండి. "ఐ లెఫ్ట్ వితౌట్ ఈటింగ్" అంటే చాలు.

అండ్ వరసను కూడా చెబుతుంది. "ఐ లాక్డ్ ద డోర్ అండ్ లెఫ్ట్" అన్నది మామూలు వాక్యం. "ఐ లెఫ్ట్ అండ్ లాక్డ్ ద డోర్" అంటే వినేవాళ్ళు ఒక క్షణం ఆగి, బయటికొచ్చాక తాళం వేశారన్నమాట అని సరిచేసుకుంటారు. పనులు జరిగిన వరసలోనే క్రియలు పేర్చండి.

చిన్న మెలిక ఒకటి. "ట్రై అండ్ ఓపెన్ ఇట్" అని ఇంగ్లీషువాళ్ళు మాటల్లో అంటారు. అది "ట్రై" మార్పు లేకుండా ఉన్నంత వరకే. భూతకాలంలో ఆ అర్థంతో "ట్రైడ్ అండ్ ఓపెన్డ్" అనరు. "ఐ ట్రైడ్ టు ఓపెన్ ఇట్" అనాలి.

మూడో మెట్టు: బట్, సో, వాటి వేషంలో వచ్చే మాటలు

బట్ తర్వాత కర్త అదే అయితే "ఐ" వదిలేయవచ్చు: "ఐ కాల్డ్ బట్ గాట్ నో ఆన్సర్." సో తర్వాత మాత్రం "ఐ" ఉంచండి: "ఐ మిస్డ్ ద బస్, సో ఐ వాక్డ్ హోమ్." పొట్టి మెసేజుల్లో "సో వాక్డ్ హోమ్" కనిపించినా, పూర్తి వాక్యంలో అది తెగిపోయినట్టు ఉంటుంది.

దెన్, హౌఎవర్, దేర్‌ఫోర్ చూడ్డానికి కంజంక్షన్లలా ఉంటాయి, కానీ వాక్యాలను కలిపే శక్తి వాటికి లేదు. "ఐ ఫినిష్డ్ ద లెటర్, దెన్ ఐ పోస్టెడ్ ఇట్" అని కామాతో రాస్తే దాన్ని తప్పుగానే లెక్కిస్తారు. "అండ్ దెన్" అనండి, లేదా ఫుల్‌స్టాప్ పెట్టి "దెన్"తో కొత్త వాక్యం మొదలుపెట్టండి. హౌఎవర్‌కైతే ముందు ఫుల్‌స్టాప్, తర్వాత కామా. అయినా రోజువారీ కబుర్లలో హౌఎవర్ బరువుగా ఉంటుంది, బట్ చాలు. బట్‌తోనో అండ్‌తోనో వాక్యం మొదలుపెట్టకూడదని చాలామంది నేర్చుకుని ఉంటారు. మామూలు ఇంగ్లీషులో అది తప్పేమీ కాదు. వరసగా ప్రతి వాక్యమూ అలా మొదలైతేనే విసుగు.

నాలుగో మెట్టు: కారణం చెప్పడం

తెలుగులో కారణం ముందు, ఫలితం తర్వాత: "ఒంట్లో బాగోక ఇంట్లోనే ఉండిపోయాను." ఇంగ్లీషులో రెండు దారులు.

"ఐ వాజ్ ఇల్, సో ఐ స్టేడ్ హోమ్." ఇది మన వరసే.
"ఐ స్టేడ్ హోమ్ బికాజ్ ఐ వాజ్ ఇల్." ఇది తిరగేసిన వరస.

సో ఫలితానికి ముందు నిలబడుతుంది, బికాజ్ కారణానికి ముందు. ఎవరైనా "ఎందుకు రాలేదు" అని అడిగితే రెండోది సహజం, ఎందుకంటే రాలేదన్న సంగతి వాళ్ళకు ముందే తెలుసు. కథ చెప్పుకుంటూ పోతున్నప్పుడు మొదటిది హాయిగా సాగుతుంది.

రెండూ ఒకేసారి వద్దు. "బికాజ్ ఐ వాజ్ ఇల్, సో ఐ స్టేడ్ హోమ్" అనడం మనవాళ్ళలో ఎంత మామూలైపోయిందంటే, తప్పని చెబితే ఆశ్చర్యపోతారు. "ఎందుకంటే... కాబట్టి" అని రెండు చోట్లా గుర్తు పెట్టే మన అలవాటే ఇంగ్లీషులోకి వస్తోంది. అక్కడ ఒక అతుకుకు ఒకటే కంజంక్షన్. బికాజ్‌తో మొదలుపెట్టినా తప్పు లేదు, కామా పెట్టి ఫలితం నేరుగా చెప్పేయండి: "బికాజ్ ఐ వాజ్ ఇల్, ఐ స్టేడ్ హోమ్."

వెనక క్రియ లేకుండా నామవాచకం మాత్రమే ఉంటే "బికాజ్ ఆఫ్": "ఐ స్టేడ్ హోమ్ బికాజ్ ఆఫ్ ద రెయిన్." ఆఫ్ తర్వాత "ఐ వాజ్" అని పూర్తి వాక్యం రాదు.

ఇక్కడ అందరూ దాటిపోయే గుంట ఒకటుంది. "ఐ డిడ్ నాట్ కాల్ బికాజ్ ఐ వాజ్ యాంగ్రీ." దీనికి రెండు అర్థాలు. ఒకటి, కోపంగా ఉండి ఫోన్ చేయలేదు. రెండు, ఫోన్ చేశాను, కానీ కోపంతో కాదు. "నాట్" ఎంత దూరం పాకుతుందో వాక్యంలో ఎక్కడా రాసి లేదు. ఎదురుగా ఉన్నవాళ్ళకు గొంతును బట్టి తెలుస్తుంది, రాతలో తెలియదు. మొదటి అర్థం కావాలంటే "ఐ వాజ్ యాంగ్రీ, సో ఐ డిడ్ నాట్ కాల్." రెండోదైతే "ఐ కాల్డ్, బట్ నాట్ బికాజ్ ఐ వాజ్ యాంగ్రీ." నాట్, బికాజ్ ఒకే వాక్యంలో పడ్డప్పుడల్లా ఒకసారి వెనక్కి చదువుకోండి.

ఉద్దేశం వేరు, కారణం వేరు. "రైలు అందుకుందామని తొందరగా బయల్దేరాను" అన్నది ఉద్దేశం: "ఐ లెఫ్ట్ ఎర్లీ టు క్యాచ్ ద ట్రైన్" లేదా "ఐ లెఫ్ట్ ఎర్లీ సో దట్ ఐ కుడ్ క్యాచ్ ద ట్రైన్." సో దట్ వెనక కుడ్ గానీ వుడ్ గానీ వస్తుంది, క్యాన్, విల్ రావు.

ఐదో మెట్టు: చేసినా, అయినా

అప్యర్థకానికి ఇంగ్లీషులో జోడీ ఆల్దో, దో, ఈవెన్ దో. "అలసిపోయినా వెళ్ళాను" అంటే "ఆల్దో ఐ వాజ్ టైర్డ్, ఐ వెంట్." లేదా "ఐ వాజ్ టైర్డ్, బట్ ఐ వెంట్." ఇక్కడా సూత్రం అదే, రెండిట్లో ఒకటే. "దో ఐ వాజ్ టైర్డ్, బట్ ఐ వెంట్" వద్దు. మాటల్లో బట్ సులువు. ఈవెన్ దో గట్టిగా నొక్కి చెప్పడానికి. ఆల్దో కొంచెం రాతకు దగ్గర. వాక్యం చివర "దో" తగిలించడం ఇంగ్లీషువాళ్ళ మాటల్లో చాలా ఎక్కువ: "ఐ వాజ్ టైర్డ్. ఐ వెంట్, దో."

ఆరో మెట్టు: వెన్, వైల్, అసలైన చిక్కు

"చేస్తే" అనే మాటతో మొదలుపెడదాం, ఎందుకంటే మనల్ని ఎక్కువ తప్పుదారి పట్టించేది అదే. చేదర్థకం కనబడగానే "ఇఫ్" అని రాసేస్తాం. కానీ జరిగిన సంగతి చెప్పేటప్పుడు "తే" చాలాసార్లు షరతు కానే కాదు. "వెళ్ళి చూస్తే తలుపు తాళం వేసి ఉంది." ఇందులో షరతు ఏముంది? చూశాను, తాళం కనబడింది, అంతే. "వెన్ ఐ గాట్ దేర్, ద డోర్ వాజ్ లాక్డ్" అనాలి, లేదా "ఐ వెంట్ దేర్ అండ్ ఫౌండ్ ద డోర్ లాక్డ్." "ఫోన్ చేస్తే ఎత్తలేదు" అంటే "ఐ కాల్డ్, బట్ షి డిడ్ నాట్ ఆన్సర్." "ఇఫ్ ఐ కాల్డ్" అంటే అప్పుడప్పుడూ చేస్తుండేవాణ్ణన్న అర్థమో, చేస్తే ఏమవుతుందన్న ఊహో ధ్వనిస్తుంది. తెలుగు "తే"ని ఇంగ్లీషులోకి తెచ్చేముందు "ఆ పని నిజంగా జరిగిందా" అని అడగండి. జరిగితే వెన్, అండ్, బట్‌లలో ఒకటి. జరగకపోతేనే ఇఫ్: "తెలిసుంటే వచ్చేవాణ్ణి" అంటే "ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హ్యావ్ కమ్." ఇఫ్ ఉన్న ముక్కలో వుడ్ పెట్టకండి.

ఇప్పుడు వెన్. ఈ మూడు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి, మొదటి సగంలో ఏమీ మారలేదు:

"వెన్ ఐ రీచ్డ్ ద హౌస్, హి లెఫ్ట్."
"వెన్ ఐ రీచ్డ్ ద హౌస్, హి వాజ్ లీవింగ్."
"వెన్ ఐ రీచ్డ్ ద హౌస్, హి హ్యాడ్ లెఫ్ట్."

మొదటిదాంట్లో నేను వెళ్ళాను, ఆ తర్వాత ఆయన లేచి వెళ్ళిపోయాడు. నన్ను చూసే వెళ్ళాడా అన్న అనుమానం కూడా వినేవాళ్ళకు రావచ్చు. రెండోదాంట్లో ఆయన బయల్దేరుతూ ఉన్నాడు, గుమ్మం దగ్గర ఎదురుపడ్డాం. మూడోదాంట్లో ఆయన అప్పటికే లేడు, చూడనే లేదు. ఈ తేడాలు చెప్పడానికి తెలుగులో వెళ్ళగానే, వెళ్ళేటప్పటికి, వెళ్ళేసరికి అని మొదటి సగాన్ని మారుస్తాం, లేదా "అప్పటికే" అన్న మాట చేరుస్తాం. ఇంగ్లీషులో వెన్ కదలదు, రెండో సగంలోని క్రియ రూపమే ఆ భారమంతా మోస్తుంది. అందుకే వెన్‌తో వాక్యం రాసినప్పుడు చూసుకోవాల్సింది వెన్ ఉన్న ముక్కను కాదు, రెండో ముక్కను.

వైల్ శత్రర్థకానికి, అంటే "చేస్తూ" రూపానికి దగ్గర. సాగుతున్న పనికి వైల్, అందులో అడ్డుపడ్డ చిన్న పనికి మామూలు భూతకాలం: "వైల్ ఐ వాజ్ వాకింగ్ హోమ్, ఇట్ స్టార్టెడ్ టు రెయిన్." అదే వెన్‌తో తిప్పి చెప్పవచ్చు: "ఐ వాజ్ వాకింగ్ హోమ్ వెన్ ఇట్ స్టార్టెడ్ టు రెయిన్." పొడుగు పని పక్కన వైల్, పొట్టి పని పక్కన వెన్. రెండూ పొడుగువే అయితే మామూలు భూతకాలం కూడా సరిపోతుంది: "ఐ రెడ్ వైల్ షి స్లెప్ట్." తెలియడం, కావాలనుకోవడం, ఇష్టపడడం లాంటి స్థితులకు "వాజ్... ఇంగ్" రాదు. "వైల్ ఐ వాజ్ నోయింగ్ హిమ్" అనరు, "వెన్ ఐ న్యూ హిమ్" అంటారు.

"వెళ్ళగానే"కి "యాజ్ సూన్ యాజ్": "యాజ్ సూన్ యాజ్ ఐ సా ద లెటర్, ఐ కాల్డ్ హర్." రెండు వైపులా మామూలు భూతకాలమే.

ఏడో మెట్టు: ముందు, తర్వాత, దాకా, హ్యాడ్ ఎక్కడ, ఎంత

"ఐ హ్యాడ్ గాన్ టు ద లైబ్రరీ యెస్టర్‌డే." ఒంటరిగా ఈ వాక్యం నిలవదు. హ్యాడ్ అంటే గతంలో ఇంకో గతం. పోల్చడానికి రెండో సంఘటన లేనప్పుడు అది వద్దు, "ఐ వెంట్ టు ద లైబ్రరీ యెస్టర్‌డే" చాలు. హ్యాడ్ పెడితే మర్యాదగానో పాండిత్యంగానో ఉంటుందన్న భావన ఒకటి మనలో ఉంది. వినేవాళ్ళు మాత్రం "ఆ తర్వాత ఏమైంది" అని ఎదురుచూస్తూ ఉండిపోతారు.

రెండు సంఘటనలున్నా, వరస కంజంక్షనే చెప్పేస్తే హ్యాడ్ లేకపోయినా నష్టం లేదు. ఆఫ్టర్, బిఫోర్ అలాంటివి: "ఆఫ్టర్ ఐ ఫినిష్డ్ ద వర్క్, ఐ వెంట్ హోమ్." "ఆఫ్టర్ ఐ హ్యాడ్ ఫినిష్డ్" కూడా ఒప్పే, అవసరం మాత్రం లేదు. వెన్ వరస చెప్పలేదు కాబట్టి అక్కడ హ్యాడ్ కావాలి. "బై ద టైమ్" దగ్గర కూడా సాధారణంగా కావాలి: "బై ద టైమ్ ఐ గాట్ దేర్, ద షాప్ హ్యాడ్ క్లోజ్డ్." మన "సరికి" అన్న ధ్వనికి ఇదే సరిజోడు.

"నేను చెప్పేలోపే వెళ్ళిపోయాడు" అనడానికి "హి లెఫ్ట్ బిఫోర్ ఐ కుడ్ టెల్ హిమ్." ఆ "కుడ్"లో చెప్పడం కుదరలేదన్న బాధ కూడా ఉంది. "బిఫోర్ ఐ టోల్డ్ హిమ్" అంటే తర్వాత ఎప్పుడో చెప్పి ఉండవచ్చు.

అంటిల్ దగ్గర "నాట్" జారిపడుతుంది. తెలుగులో "వాన తగ్గేదాకా" అనీ అంటాం, "తగ్గనంతవరకు" అనీ అంటాం. ఇంగ్లీషులో మొదటిదే: "ఐ వెయిటెడ్ అంటిల్ ద రెయిన్ స్టాప్డ్." "అంటిల్ ద రెయిన్ డిడ్ నాట్ స్టాప్" తప్పు.

సిన్స్ ఒక్కటే కొంచెం తేడా. "నుంచి" అన్న అర్థంలో సిన్స్ పక్కన భూతకాలం ఉంటుంది, ప్రధాన వాక్యంలో మాత్రం హ్యావ్: "ఐ హ్యావ్ నాట్ సీన్ హిమ్ సిన్స్ ఐ లెఫ్ట్ కాలేజ్."

ఎనిమిదో మెట్టు: అని

"వస్తానని చెప్పాను." "అని"కి ఇంగ్లీషులో దట్ ఉంది, కానీ సెడ్, థాట్, న్యూ తర్వాత మాటల్లో దాన్ని తరచుగా మింగేస్తారు: "ఐ సెడ్ ఐ వుడ్ కమ్." తెలుగులో లోపలి మాట ఉన్నదున్నట్టే ఉంటుంది, వస్తాను, అంతే. ఇంగ్లీషులో బయటి క్రియ గతంలో ఉంటే లోపలిది కూడా ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది: విల్ వుడ్ అవుతుంది, యామ్ వాజ్ అవుతుంది, లాస్ట్ కాస్తా హ్యాడ్ లాస్ట్ అవుతుంది. "ఐ థాట్ ఐ యామ్ లేట్" కాదు, "ఐ థాట్ ఐ వాజ్ లేట్."

టోల్డ్ అంటే ఎవరికి చెప్పారో వెంటనే రావాలి: "ఐ టోల్డ్ హర్ దట్ ఐ వాజ్ ఇల్." "ఐ టోల్డ్ దట్" కుదరదు. మనిషిని చెప్పకపోతే సెడ్ వాడండి.

ప్రశ్న అయితే దట్ పూర్తిగా పోతుంది. "ఎక్కడికి వెళ్తున్నావని అడిగాను" అంటే "ఐ ఆస్క్డ్ హిమ్ వేర్ హి వాజ్ గోయింగ్." వేర్ మాటే కలిపేస్తుంది, క్రియ ముందుకు రాదు. అవునా కాదా అన్న ప్రశ్నకు ఇఫ్: "ఐ ఆస్క్డ్ ఇఫ్ హి వాజ్ రెడీ."

వుడ్ వచ్చిన వాక్యంలో వెన్ కూడా ఉంటే, వెన్ పక్కన వుడ్ రాదు: "ఐ సెడ్ ఐ వుడ్ కాల్ వెన్ ఐ గాట్ దేర్."

కామా, గొంతు

కామా లెక్క పొట్టిది. అండ్, బట్, సోలకు రెండు వైపులా కర్తతో సహా పూర్తి వాక్యాలుంటే వాటి ముందు కామా. రెండో కర్త వదిలేస్తే కామా వద్దు. వెన్, బికాజ్, ఆల్దో లాంటివి వాక్యం మొదట్లో వస్తే, ఆ ముక్క ముగిసిన చోట కామా. అవే మధ్యలో వస్తే సాధారణంగా అక్కర్లేదు, ఆల్దో ముందు మాత్రం తరచుగా పెడతారు. కంజంక్షన్ లేకుండా ఒట్టి కామాతో రెండు వాక్యాలను అతికించకండి.

పలికేటప్పుడు విరామం కంజంక్షన్‌కు ముందు రావాలి. "కానీ," అని ఆగడం మనకు అలవాటు కాబట్టి "ఐ వెంట్ దేర్ బట్... హి వాజ్ నాట్ దేర్" అంటాం. "ఐ వెంట్ దేర్... బట్ హి వాజ్ నాట్ దేర్" అని అలవాటు చేసుకోండి. అండ్ మాటల్లో "అన్" అంతే వినిపిస్తుంది, బికాజ్ చాలాసార్లు "కాజ్" అవుతుంది.

ఇక్కడ రాతను బట్టి వాక్డ్, స్టాప్డ్, మిస్డ్ అని రాశాం గానీ, క, ప, స, ష, చ, ఫ శబ్దాల తర్వాత ఆ చివరి డ్‌ని "ట్" అనే పలకాలి: వాక్ట్, స్టాప్ట్, మిస్ట్. ట, డ శబ్దాల తర్వాత "ఇడ్": వెయిటిడ్, నీడిడ్. మిగతా చోట్ల "డ్": కాల్డ్, ఓపెన్డ్. వెనక అచ్చుతో మొదలయ్యే మాట వస్తే ఈ శబ్దం దానికి అతుక్కుంటుంది. "స్టాప్డ్ అండ్" కలిసి "స్టాప్టన్" అవుతుంది. ఈ అతుకు వినబడకపోతే వినేవాళ్ళకు మీ వాక్యం వర్తమానంలో ఉన్నట్టు తోస్తుంది. చివర "ఉ" చేర్చి "స్టాప్టు" అనకుండా చూసుకోండి, అది "టు"లా వినబడుతుంది.

అన్నీ కలిపి ఒక పేరా

"నిన్న సాయంత్రం స్టేషన్‌కి వెళ్ళేసరికి రైలు వెళ్ళిపోయింది. టికెట్ కౌంటర్లో అడిగితే తర్వాతిది రెండు గంటల తర్వాత ఉందన్నారు. ఇంటికి ఫోన్ చేద్దామని జేబులో చూసుకుంటే ఫోన్ లేదు. బల్ల మీద మర్చిపోయానని గుర్తొచ్చి, వెనక్కి వెళ్ళి తీసుకుని, మళ్ళీ స్టేషన్‌కి చేరేలోపే రెండో రైలు కూడా వెళ్ళిపోయింది."

ముక్కలుగా రాసి, ఒక్కో అతుకూ చూసుకుంటూ కలిపితే ఇలా వస్తుంది:

"బై ద టైమ్ ఐ గాట్ టు ద స్టేషన్ యెస్టర్‌డే ఈవ్‌నింగ్, ద ట్రైన్ హ్యాడ్ లెఫ్ట్. ఐ ఆస్క్డ్ ఎట్ ద టికెట్ కౌంటర్, అండ్ దే టోల్డ్ మీ ద నెక్స్ట్ వన్ వాజ్ ఇన్ టూ అవర్స్. ఐ వాంటెడ్ టు కాల్ హోమ్, బట్ వెన్ ఐ ఫెల్ట్ ఇన్ మై పాకెట్, మై ఫోన్ వాజ్ నాట్ దేర్. ఐ రిమెంబర్డ్ దట్ ఐ హ్యాడ్ లెఫ్ట్ ఇట్ ఆన్ ద టేబుల్, సో ఐ వెంట్ బ్యాక్ అండ్ గాట్ ఇట్, బట్ ద సెకండ్ ట్రైన్ లెఫ్ట్ బిఫోర్ ఐ కుడ్ గెట్ బ్యాక్ టు ద స్టేషన్."

తెలుగులో రెండు "తే"లున్నాయి. ఒకటి అండ్ అయింది, ఒకటి వెన్ అయింది, ఏదీ ఇఫ్ కాలేదు. "అండ్ దే టోల్డ్ మీ" దగ్గర కర్త మారింది కాబట్టి దే వచ్చింది, ముందు కామా పడింది. "వెంట్ బ్యాక్ అండ్ గాట్ ఇట్"లో కర్త నేనే, కామా లేదు. "రిమెంబర్డ్" తర్వాత దట్ ఉంచాం, ఎందుకంటే వెనక వచ్చే ముక్క పొడుగ్గా ఉంది. "హ్యాడ్ లెఫ్ట్ ఇట్" అన్నది గుర్తురావడానికి ముందు జరిగిన పని. మొదటి రైలుకు "హ్యాడ్ లెఫ్ట్", రెండో రైలుకు ఒట్టి "లెఫ్ట్" ఎందుకంటే, రెండో చోట ఏది ముందు జరిగిందో బిఫోర్ చెప్పేసింది.